శుభలేఖ వెనక జవాబు

మెత్తళ్ళు ఎండకి పెడితే వచ్చే వాసనకి తలుపులూ కిటికీలూ లెక్కలేదు. బందరులో మేముండే అపార్టుమెంటు డాబా మీద ఎవరో చాప పరిచి ఎండబెట్టినట్టున్నారు, పొద్దున పదిగంటలకల్లా రెండో అంతస్తులో నా కాఫీ గ్లాసులోకి దిగింది. వాసన వెనకే మా అసోసియేషన్ సెక్రటరీగారూ దిగారు. చేతిలో తెల్లకాగితం, జేబులో పెన్ను. "లాయరుగారు మీరే రాయాలండి. గట్టిగా రాయాలి. డాబా మీద చేపలు ఎండబెట్టకూడదని రూలు పెట్టేస్తున్నాం. మూడో అంతస్తులో అద్దెకొచ్చినవాళ్ళ పనే ఇది" అన్నారాయన. గట్టిగా రాయడంలో నాకు ఊళ్ళో మంచి పేరే ఉంది. నా నోరు కూడా అంతకి తగ్గదని మా ఆయన సాక్ష్యం చెబుతారు. కాగితం తీసుకుని, సాయంత్రం ఇస్తానని ఆయన్ని పంపించి, అలవాటు కొద్దీ బీరువాలోంచి ఒక పాత శుభలేఖ తీశాను. తీశాక దాన్ని తిరగేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసనా, ఆ శుభలేఖా కలిసి నన్ను భ్రమరాంబగారి వరండాలో దింపేశాయి.

భ్రమరాంబగారు బందరు కోర్టులో ప్లీడరు. తొంభైల మధ్యలో నేను లా పూర్తిచేసి ఆవిడ దగ్గర జూనియరుగా చేరేనాటికి ఆవిడకి యాభై అయిదు దాటి ఉంటాయి. నల్లగౌను ఉతికి ఉతికి గోధుమరంగులోకి వచ్చేసింది. ముతక నేత చీర, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ మజ్జిగ గ్లాసు. గొంతు పెంచి మాట్లాడగా నేనొక్కసారీ వినలేదు. పెళ్లెందుకు చేసుకోలేదండీ అని కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అడిగితే, "చేసుకుందామనే అనుకున్నాను. కౌంటరు బలంగా ఉంది" అనేవారు. కౌంటరంటే కోర్టులో ఎదటి పక్షం దాఖలు చేసే జవాబు. ఆవిడ వృత్తి అంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగేది.

ఎలాగంటే, ఆవిడ ఏ పిటిషనూ ముందు పిటిషనుగా రాయనిచ్చేవారు కాదు. ముందు ఎదటివాళ్ళ జవాబు మనమే రాయాలి. అదీ పాత శుభలేఖ వెనకవైపు, ఆ జానెడు జాగాలో. పెళ్లి చేసుకోని ప్లీడరుకి ఊరంతా శుభలేఖలు పంచేది. అవన్నీ తారీఖుల వారీగా దారంతో కట్టి ఉంచేవారు. "ఎదటివాడు ఏమంటాడో ఇంతమేర రాయలేకపోతే, నీకు నీ కేసు తెలియనట్టే. వాడి నోట్లో దూరి రాయి. తక్కువ చేసి రాయకు. నిన్ను నువ్వే ఓడించుకునేలా రాయి" అనేవారు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచి వచ్చినదాన్ని నేను. ఎదటివాడికి మాట అందనివ్వకుండా గెలవడమే వాదన అనుకునే రకం. మొదటి వారంలోనే ఆవిడతో పోట్లాడాను. "మన కక్షిదారు డబ్బిచ్చేది మన తరఫున రాయడానికండీ, వాళ్ళ తరఫున కాదు" అన్నాను. ఆవిడ మజ్జిగ ఒక గుక్క తాగి, "ఇదే సంగతి శుభలేఖ వెనక రాసుకురా. నేనేమని జవాబు చెబుతానో రాయి" అన్నారు. అరగంట కూర్చున్నాను. రాస్తుంటే ఆవిడదే సబబని తేలింది. ఆ ఉక్రోషం రెండురోజులుంది.

మా దగ్గరకొచ్చే కేసుల్లో కొన్ని రిట్లుండేవి. ప్రభుత్వం చేతిలో నాకు సమానంగా న్యాయం జరగలేదని ఒక్క మనిషి, ఎంత చిన్న మనిషైనా సరే, రాజ్యాంగాన్ని పట్టుకుని నేరుగా హైకోర్టుని అడిగే పిటిషన్లవి. కాగితాలు ఇక్కడ తయారుచేసి హైదరాబాదులో ఆవిడకి తెలిసిన వకీలుకి పంపేవాళ్ళం. నేను రాసిన మొదటిది గూడూరు వైపు ఒక పల్లె గురించి. నీళ్ళ ట్యాంకరు ఊళ్ళో ఆగేది, మాలపల్లె దాకా వెళ్ళేది కాదు, ఆ దారిలో టైర్లు దిగబడతాయని సాకు. అక్కడినుంచి ఒక పెద్దాయన వచ్చి చెప్పుకుంటుంటే నా రక్తం ఉడికిపోయింది. "ఈ పల్లెకి ఎన్నడూ ఒక్క బిందె నీరివ్వలేదు" అని రాశాను. భ్రమరాంబగారు ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, ఆ పెద్దాయన్ని అడిగారు.

"ఎన్నడూనా, పెద్దాయనా?"

ఆయన తల గోక్కున్నాడు. "అంటే, మొన్న ఎలక్షన్లప్పుడు రెండుసార్లు వచ్చిందండి."

"చూశావా" అన్నారు నాతో. "ఆ రెండుసార్లూ వాళ్ళు రిజిస్టరులో చూపిస్తారు. అప్పుడు ఈయన మూడేళ్ళు మోసిన నీళ్ళన్నీ అబద్ధమైపోతాయి. కోపం నిజాన్ని లావు చేస్తుందే అమ్మాయ్. లావైన నిజం కోర్టు తలుపులోంచి పట్టదు." 'ఎన్నడూ' కొట్టేసి, 'ఎన్నికలప్పుడు రెండుసార్లు తప్ప' అని ఆవిడే రాశారు. రాశాక చూస్తే కేసు ఇంకా బలపడింది. ఎన్నికలప్పుడు దిగబడని టైరు మామూలు రోజుల్లో ఎందుకు దిగబడుతుందో చెప్పాల్సిన పని వాళ్ళ మీద పడింది.

నాంచారమ్మ వచ్చింది ఆ తరవాత ఏడాది. కృత్తివెన్ను దాటాక సముద్రం ఒడ్డున ఒక చేపలపల్లె ఆమెది. నలభై ఏళ్ళుంటాయి, మొగుడు సముద్రంలో పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. తెల్లవారకముందే ఒడ్డున చేపలు కొని, తొలి బస్సులో గంపతో గుడివాడ వెళ్ళి ఇంటింటికీ తిరిగి అమ్మేది. అయిదేళ్ళ కిందట డిపో వాళ్ళు నోటీసు పెట్టారు, ఆ రూట్లో చేపల గంపలు ఎక్కించకూడదని. అప్పటినుంచీ దొరికితే లారీ, లేకపోతే ట్రెక్కరు, అదీ లేకపోతే నడక. ఎండెక్కాక గుడివాడ చేరితే మెత్తబడ్డ చేపని ఎవరు కొంటారు? పెద్దపిల్లని ఎనిమిదో తరగతిలోనే మానిపించి రొయ్యల చెరువు పనికి పంపింది. రెండోదీ ఆ వయసుకే వస్తోంది.

వరండా మెట్టు మీదే కూర్చుని చెప్పింది ఇదంతా. కుర్చీ చూపిస్తే "వాసనండీ" అని నవ్వింది. "వాసన కుర్చీకి అంటదులే, వచ్చి కూర్చో" అన్నారు భ్రమరాంబగారు.

"ప్లీడరమ్మగారూ, ఆఫీసరుగారి దగ్గరికి మూడుసార్లు ఎల్లానండి. అర్జీ తీసుకుంటాడు, బల్ల మీద పెడతాడు, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద గ్లాసు పెడతాడు. అంతేనండి."

నేను వింటున్నాను. వింటున్నాను కానీ నోటు పుస్తకంలో చెయ్యి కదలడం లేదు. ఎందుకంటే ఆ బస్సు నాకు తెలుసు. మా నాన్నగారు బంటుమిల్లిలో మాష్టారుగా చేసేరోజుల్లో, డిగ్రీ చదువుకోవడానికి మూడేళ్ళు ఆ బస్సులోనే గుడివాడ వెళ్ళాను. ఆ నోటీసూ నాకు తెలుసు. అది ఎలా పుట్టిందో ఆ వరండాలో ఉన్న ముగ్గురిలో నాకొక్కదానికే తెలుసు.

పరీక్ష రోజు. కిక్కిరిసిన బస్సు. పై అరలో ఎవరిదో గంప. బ్రేకు వేసినప్పుడల్లా చేపలనీళ్ళు ధారగా కారి, నా లంగావోణీ మీదా, ఒళ్ళో పెట్టుకున్న రికార్డు పుస్తకం మీదా పడ్డాయి. ఏడాదంతా గీసిన బొమ్మలు అలుక్కుపోయాయి. నేను ఏడ్చే రకం కాదు, రాసే రకం. కండక్టరు దగ్గర ఫిర్యాదుల పుస్తకం అడిగి, గుడివాడ స్టాండులో నిలబడి పేజీ నిండా రాశాను. 'అందరితో సమానంగా టిక్కెట్టు కొన్న పౌరురాలిని, అందరితో సమానంగా శుభ్రమైన ప్రయాణం నా హక్కు, ఈ దుర్గంధాన్ని భరించమనడం ఏ న్యాయం' అంటూ. చివర్లో రాజ్యాంగం పేరు కూడా ఎత్తినట్టు గుర్తు. పక్కనున్నవాళ్ళు చదివి శెభాష్ అన్నారు. నెల తిరక్కుండా నోటీసు పడింది. నా రాతకి దక్కిన మొదటి విజయం అది. ఇంట్లో మా అమ్మకి కూడా చెప్పి మురిసిపోయాను. గంప ఎవరిదో చూడలేదు. చూడాలని తట్టలేదు.

నాంచారమ్మ వెళ్ళాక భ్రమరాంబగారు ఒక శుభలేఖ నా ముందుకి తోశారు. "వాళ్ళ జవాబు రాయి" అన్నారు. రాశాను. రూలు అందరికీ ఒకటే, ఒక కులానికో ఆడవాళ్ళకో పెట్టింది కాదు. దుర్వాసన వచ్చే సామాను ఎవరిదైనా ఎక్కించం. బస్సు జనం కోసం, సరుకు కోసం కాదు. మూడు పాయింట్లు, పదునుగా.

ఆవిడ చదివి, కళ్ళజోడు కిందికి జార్చి, "నాలుగోది?" అన్నారు.

"నాలుగోదేముందండీ?"

"ప్రయాణికులు ఫిర్యాదు చేశారనరూ? వాళ్ళ మొదటి మాట అదే అవుతుంది. నాకే తట్టిందే, నీకెందుకు తట్టలేదు?"

"మర్చిపోయానండి."

"నువ్వు మర్చిపోయే రకం కాదే" అన్నారు. అంతే. ఆపైన ఏమీ అడగలేదు. ఆ క్షణాన చెప్పేయాల్సింది. ఈ రోజుకీ ఆ మజ్జిగ గ్లాసు అంచు మీద ఈగ వాలడం కనబడుతుంది నాకు, ఆ కాసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను కనక.

రూలు అందరికీ ఒకటే అన్నదానికి జవాబు బస్సులోనే వెతకాలన్నారావిడ. ఒక వారంపాటు రోజూ ఆ తొలి బస్సెక్కి, ఎవరు ఏం ఎక్కిస్తున్నారో చూసి రాసుకు రమ్మన్నారు. "నీకు అనిపించింది నాకొద్దు. కనిపించింది రాయి." ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకునే కూర్చున్నాను, అలవాటు. రాసుకున్నాను: పాలక్యాన్లు, వాటి మూతల చుట్టూ పులిసిన పాలు. కాళ్ళు కట్టిన కోళ్ళు. కిరసనాయిలు డబ్బా. సీటు కింద మేకపిల్ల, అది చేసిన పని. పురుగుమందు డబ్బా ఒకటి, మూత సరిగా లేక తల తిరిగింది. అయిదోరోజు కృత్తివెన్ను దాటాక ఒక చెరువు యజమాని మోటారుసైకిలు మీద వచ్చి బస్సాపాడు. తెల్ల థర్మోకోల్ పెట్టె ఒకటి, గుడివాడలో ఎవరో ఆఫీసరుగారికట. డ్రైవరే దిగి, రెండు చేతులా అందుకుని, తన సీటు పక్కన పెట్టుకున్నాడు. బంటుమిల్లి దాటేసరికి పెట్టె అడుగునుంచి రొయ్యలనీళ్ళు కారి బస్సు పొడుగునా పారాయి. ఎవరూ ఫిర్యాదు పుస్తకం అడగలేదు. నేను కూడా.

ఆ సంగతి చెబితే భ్రమరాంబగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడకి అదే చిందులు తొక్కడంతో సమానం. "వాసన ఒకటే. మోసే తల వేరు. ఇదే మన పిటిషను" అన్నారు. ఆ ముక్క చుట్టూనే రాశాం. చట్టం ముందు అందరూ సమానమనే పద్నాలుగో అధికరణం, బతుకుతెరువు హక్కు, అన్నీ దాని వెనక నిలబడ్డాయి. నేను రాసిన పిటిషన్లలో అంత బాగా కుదిరినది అప్పటికి లేదు. హైదరాబాదుకి పంపేటప్పుడు, వాళ్ళకి ఆ పాత ఫిర్యాదు దొరక్కూడదని, ఆ పుస్తకాన్ని చెదలు తినేసి ఉండాలని కోరుకున్నాను. ప్రభుత్వ కార్యాలయాల్లో ఏ కాగితం కావాలన్నా దొరకదనే నమ్మకం ఒకటుంటుంది కదా మనకి.

దొరికింది. నాలుగునెలలకి కౌంటరు వచ్చింది. మొదటి పాయింటే అది: విద్యావంతురాలైన ఒక కళాశాల విద్యార్థిని రాతపూర్వకంగా చేసిన ఫిర్యాదు మేరకు నోటీసు జారీ చేశాము, నకలు జతపరిచాము. జిరాక్సు కాగితం. నా గుండ్రని అక్షరాలు, తోక పొడుగ్గా లాగిన నా 'క', కింద నా పొట్టి సంతకం. చిరునామా బంటుమిల్లి.

భ్రమరాంబగారు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, పక్కన నేను రాసిన పిటిషను చిత్తుప్రతి పెట్టారు. రెంటినీ చాలాసేపు చూశారు. "అప్పట్లో రాత ఇంకా బాగుండేది" అన్నారు.

"మన కేసు పోయిందాండీ?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకుంటే పోతుంది. నువ్వు నోరు మూసుకోవడం ఎప్పుడైనా జరిగిందా?" అని నవ్వి, ఆ నవ్వు కూడా తుడిచేసుకుని, "రేపు నాంచారమ్మ వస్తుంది. కౌంటరు చదివి వినిపించాలి కదా. నువ్వే చదువు. మొత్తం" అన్నారు.

మర్నాడు చదివాను. నాంచారమ్మ ఈసారి కుర్చీలోనే కూర్చుంది, అంచున. నా ఫిర్యాదు నేను పైకి చదవడం అంత కష్టమైన పని నేను మళ్ళీ చేయలేదు. ఒక్కొక్క మాటా ఎంత బాగా ఏరుకుని రాశానో! 'దుర్గంధం' దగ్గర ఆగిపోయాను. భ్రమరాంబగారు తల ఊపారు, చదవమని. చదివాను. అయిపోయాక నాంచారమ్మ ఊపిరి వదిలి, "బాగా రాసిందండీ ఎవరో. నోరు తిరగని మాటలు" అంది.

"నేనే రాశాను" అన్నాను.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. నాంచారమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బావుండుననుకున్నాను, తిట్లకి నా దగ్గర జవాబులుంటాయి.

"నువ్వొక్కదానివేంటమ్మా, ఆ బస్సులో అందరూ అదే అనుకునేవోళ్ళు. నీకు రాత వచ్చు, రాశావ్" అంది. తరవాత, "పుస్తకం బాగా తడిసిందా?" అని అడిగింది.

"తడిసిందండి" అన్నాను. ఆమెకి 'అండి' తగిలించడం అదే మొదటిసారని అప్పుడు తెలిసింది నాకు.

"ఆ పూట చెప్పుంటే మూతేసుకునేదాన్ని కదమ్మా. ఎవరూ చెప్పలా. పొద్దున బస్సెక్కబోతే గంప కిందకి గెంటాడు కండక్టరు, అంతే. సావిడాయి చేపలు రోడ్డంతా పడ్డాయి. కుక్కలు ఎత్తుకుపోయాయి." చేతులు ఒళ్ళో పెట్టుకుని, "చిన్నదాన్ని బడి మానిపించాల్సొస్తే మాత్రం నిన్ను తిట్టుకుంటానే" అంది. నవ్వలేదు ఆ మాటకి.

ఆమె వెళ్ళాక భ్రమరాంబగారు చెప్పారు. "ఫిర్యాదు తప్పుకాదే. నీ పుస్తకం తడిసిన మాట నిజం. తడిసినదాన్ని తడిసిందని రాసే హక్కు నీకుంది. కానీ దాని మీద ఒక మనిషి బతుకు మీద నోటీసు అంటించేశారు. మధ్యలో ఆ మనిషిని పిలిచి ఒక్కమాట అడిగారా? సమానమంటే అది. మాట చెప్పుకోవడం నీకెంత చేతనైందో, ఆమెకీ అంత చోటివ్వడం. ఇప్పుడు ఆ ఫిర్యాదు రాసినదాన్ని నేనేనని, ఆమెని అడిగి ఉంటే మూతతో పోయేదని, రొయ్యలపెట్టె నీళ్ళు కూడా నా కళ్ళతో చూశానని అఫిడవిట్టు వేస్తావా? బలవంతం లేదు. వేస్తే సాక్షివవుతావు. సాక్షివైతే ఈ ఫైలు నువ్వు ముట్టుకోకూడదు. నీ మొదటి పెద్దకేసు."

వేశాను. రాసుకోవడానికి మూడురోజులు పట్టింది. ఒక్క విశేషణం లేకుండా రాయడం అంత తేలిక కాదు. మా నాన్నగారు సంగతి తెలిసి, "తన తప్పు తనే స్టాంపు పేపరు మీద రాసుకుని హైకోర్టుకి పంపుకునే ప్లీడరుని నేనెక్కడా వినలేదమ్మా. రేపు నీ దగ్గరికి ఎవరొస్తారు?" అన్నారు. కోర్టు వరండాలో కొందరు మగ ప్లీడర్లు నన్ను చూసి ముక్కులు మూసుకున్నట్టు నటించేవారు. వాళ్ళకేం జవాబిచ్చానో ఇక్కడ రాయను, అచ్చులో బావుండదు. ఆ ఫైలు మాత్రం ఎర్రదారం కట్టి భ్రమరాంబగారి బీరువాలోకి వెళ్ళిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చే కవర్లు నేను విప్పకూడదు. వాటిని ఆవిడ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయేదాన్ని.

తీర్పు రావడానికి మరో ఏడాది పైనే పట్టింది. ఒకటిన్నర పేజీ. పేపర్లో పడలేదు, ఎవరూ దండలు వేయలేదు. నోటీసు కొట్టేశారు. పిటిషనరుని పిలిచి విని, చేపలు మూతగిన్నెల్లో, వెనకవైపు జాగాలో తీసుకువెళ్ళే ఏర్పాటు చేయమన్నారు. నాంచారమ్మ పెద్దకూతురు చెరువులోనే ఉండిపోయింది, తీర్పు ఆ పిల్లని వెనక్కి తేలేదు. చిన్నది మాత్రం బళ్ళో ఉంది. నేను బంటుమిల్లి వెళ్ళినప్పుడు ఒకరోజు పనిగట్టుకుని ఆ తొలి బస్సెక్కాను. వెనక సీటు దగ్గర నాంచారమ్మ, ముందు మూత బిగించిన అల్యూమినియం గిన్నె. కండక్టరు సణుక్కుంటూ వస్తుంటే, బస్సంతా వినబడేలా అంది:

"లగేజీ టిక్కెట్టు కొట్టవయ్యా నాయనా. ఇది హైకోర్టు చేప!"

జనం నవ్వారు. కండక్టరు కూడా నవ్వి కొట్టాడు. నన్ను చూసి పక్కన చోటు చేసింది. గుడివాడ దాకా కూర్చున్నాను. వాసన వచ్చింది. మూత ఉన్నా వస్తుంది. చేతిరుమాలు బ్యాగులోనే ఉంచడానికి ఎంత కష్టపడ్డానో ఆమెకి తెలుసనుకుంటాను. దిగేటప్పుడు "ఓర్చుకున్నావ్ లే" అంది.

భ్రమరాంబగారి దగ్గర మొత్తం తొమ్మిదేళ్ళున్నాను. ఆవిడ పోయాక, ఆవిడ తమ్ముడుగారు పిలిచి శుభలేఖల కట్టలు నన్ను తీసుకెళ్ళమన్నారు. చిత్తుకాగితాలవాడికి వేయడానికి ఆయనకి మనసొప్పలేదట. ఒకరోజు తీరిగ్గా విప్పి చూస్తుంటే నాంచారమ్మ కేసుది కనబడింది. నేను రాసింది కాదు. అదేరోజు, నేను ఇంటికెళ్ళాక ఆవిడ తనకోసం విడిగా రాసుకున్న జవాబు. ఆవిడ చిన్న చిన్న అక్షరాలు. నా మూడు పాయింట్లే, నాకంటే పొందిగ్గా. నాలుగోది: 'ప్రయాణికుల ఫిర్యాదు. ఎవరు రాశారు? కామేశ్వరికి ఏదో తెలుసు. అడగవద్దు. తనే చెబుతుంది.'

కామేశ్వరి నేను. నేను చెప్పలేదు. నాలుగునెలలపాటు రోజూ ఆవిడ ఎదుట కూర్చున్నాను, మజ్జిగ గ్లాసులు అందించాను, కేసుల మీద పోట్లాడాను, చెప్పలేదు. నాకంటే ముందు ఒక జిరాక్సు కాగితం చెప్పింది. అఫిడవిట్టు వేశానని నలుగురూ నన్ను మెచ్చుకున్నారు గానీ, అది పట్టుబడ్డాక వేసింది. నాంచారమ్మ ముందు 'నేనే' అన్నది కూడా పట్టుబడ్డాకే. ఆ తేడా ఆవిడకి తెలుసు. ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. ఆ శుభలేఖ ముందువైపు ఎవరి పెళ్లో, వధూవరుల పేర్లు వెలిసిపోయాయి. వెనకవైపు 'తనే చెబుతుంది' అన్న మాట మాత్రం నల్లగా అలాగే ఉంది.

ఇవాళ తీసింది మరో శుభలేఖ. వెనకవైపు ఖాళీ. ఇన్నేళ్ళలో ఆవిడ పద్ధతికి నేను ఒక్కటే చేర్చాను. ఎదటివాళ్ళ జవాబు రాసేముందు, నేనేం దాస్తున్నానో మొదటి వరసలో రాసుకుంటాను. సెక్రటరీగారి తెల్లకాగితం పక్కన పెట్టి రాశాను.

ఒకటి: మెత్తళ్ళ వాసన నాకు పడదు. ఎన్నడూ పడలేదు.

'ఎన్నడూ' దగ్గర ఆగాను. గుడివాడ దాకా ఒకసారి తప్ప, అని చేర్చాను.

రెండు: మూడో అంతస్తు ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మూడు అని వేసి ఖాళీ వదిలేశాను. అది ఆవిడ చెప్పాలి. చెప్పులు వేసుకుని, పెన్నూ శుభలేఖా పట్టుకుని మెట్లెక్కాను. ఒక్కొక్క మెట్టుకీ వాసన ఎక్కువవుతోంది.